అన్ని టూల్స్‌కీ ఒకే తేడా: మా షెడ్డులో హైట్ సెట్టర్ తయారీ డైరీ

జనవరి, సంక్రాంతి దాటాక

అనంతపురంలో మాది చిన్న జాబ్ వర్క్ షెడ్డు. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మెషిన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక వీఎంసీ, అంటే ప్రోగ్రాంతో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్. దాని స్పిండిల్ (టూల్‌ను పట్టి తిప్పే భాగం) బీటీ40 రకం, కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) ఫానక్ 0ఐ. మెషిన్ పాతదే అయినా గట్టిది. కానీ దాంతో పాటు టూల్ సెట్టర్, అంటే ఒక్కో టూల్ మొన ఏ ఎత్తులో ఉందో తేల్చే పరికరం, ఏదీ రాలేదు. ఇంతవరకు టూల్ హైట్ పెట్టాలంటే టూల్ మొన కింద పెట్టి కదిపే కాగితం ముక్కే దిక్కు.

ఎండాకాలం వచ్చేసరికి ట్రాక్టర్ గొర్రులకు వేసే సీడ్ ప్లేట్ల పని మొదలవుతుంది. జూన్‌లో తొలకరి పడేలోగా అవి రైతు చేతికి చేరాలి. వేరుశనగ విత్తనం ఒక్కొక్కటిగా కూర్చునే గుంతలున్న గుండ్రటి ప్లేట్లు అవి. నైలాన్‌లోనూ చేస్తాం, అల్యూమినియంలోనూ చేస్తాం. గుంతను 12 మి.మీ. ఎండ్ మిల్‌తో తవ్వి, 6 మి.మీ. ఎండ్ మిల్‌తో అడుగు, మూలలు శుభ్రం చేస్తాం. ఈ రెండు టూల్స్ హైట్‌లో 0.05 మి.మీ. తేడా ఉన్నా అడుగున మెట్టు వేలికి తగులుతుంది. ఆ మెట్టు అంచున బర్ (కోతలో మిగిలే వాడి పెచ్చు) నిలిస్తే విత్తనం మీది పలుచటి పొర గీరుకుని లేచిపోతుంది. పొర పోయిన వేరుశనగ సరిగ్గా మొలవదు. గొర్రు మాత్రం బాగానే విత్తినట్టు కనబడుతుంది. మొలకలు లేచే రోజుల్లో చేలో ఖాళీలు బయటపడతాయి. వాన ఎప్పుడు పడుతుందో తెలియని మా జిల్లాలో రైతుకు మళ్ళీ విత్తే అవకాశం దొరకడం కష్టం. అందుకే ఈ మెట్టును నేను అంత సీరియస్‌గా తీసుకుంటున్నాను.

అనుకున్న పని ఇది: సీజన్ మొదలయ్యేలోపు, షెడ్డులో ఉన్న సామానుతోనూ స్క్రాప్‌తోనూ, టూల్ హైట్ నమ్మకంగా పెట్టే పద్ధతి ఒకటి తయారు చేసుకోవాలి. కొంటే ఒక్క డయల్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే గేజ్) మాత్రమే కొనాలి.

మొదట లెక్క సరిచేసుకోవడం

ఏ పరికరమైనా చేసే ముందు మెషిన్‌లో అంకెలు ఎలా నిలుస్తాయో తేల్చుకున్నాను. చాలా షెడ్లలో ప్రతి టూల్‌నూ తెచ్చి జాబ్ (కోయాల్సిన ముక్క) మీదే టచ్ చేస్తారు, అంటే మొన తాకేదాకా దించుతారు. హోమ్ (మెషిన్ పైన మొదలయ్యే చోటు) నుంచి జాబ్ పై ముఖం వరకు ఉన్న దూరాన్ని, అంటే మైనస్ 300, మైనస్ 350 లాంటి పెద్ద అంకెను, కంట్రోల్‌లో టూల్ పొడవు రాసుకునే హెచ్ ఆఫ్‌సెట్‌లో వేస్తారు. జాబ్ చోటు రాసుకునే జీ54లో జడ్ (పైకీ కిందికీ కొలత) సున్నా. పని నడుస్తుంది. కానీ జాబ్ మందం మారితే, వైస్ మారితే ఉన్న టూల్స్ అన్నీ మళ్ళీ టచ్ చేయాలి. రోజుకు నాలుగైదు రకాల చిన్న జాబ్‌లు పడే మాలాంటి చోట పొద్దంతా అందులోనే పోతుంది.

రెండో దారి మాస్టర్ టూల్. ఒక పాత హోల్డర్‌లో (టూల్‌ను స్పిండిల్‌కు పట్టించే భాగం) గ్రైండ్ చేసిన గుండ్రటి బార్ బిగించి, దాన్ని ఇక ఎప్పటికీ విప్పకుండా పెట్టుకోవాలి. టేబుల్ మీద ఒక చోటు ఖాయం చేసుకుని, ముందు మాస్టర్‌ను అక్కడ టచ్ చేసి రిలేటివ్ జడ్‌ను, అంటే మనం కావలసిన చోట సున్నా చేసుకోగల స్క్రీన్ అంకెను, సున్నా చేయాలి. తర్వాత ప్రతి టూల్‌నూ అదే చోట టచ్ చేయాలి. అప్పుడు రిలేటివ్‌లో కనబడే అంకే ఆ టూల్ హెచ్. మాస్టర్ కంటే పొడవైతే ప్లస్, పొట్టిదైతే మైనస్. చివరికి మాస్టర్ ఒక్కదాన్నే జాబ్ మీద టచ్ చేసి ఆ విలువను జీ54 జడ్‌లో వేయాలి. జాబ్ మారినప్పుడు మారేది ఆ ఒక్క అంకే. టూల్స్ జోలికి పోనక్కర్లేదు.

ఈ లెక్కలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. టేబుల్ మీద పెట్టిన సెట్టర్ ఎత్తు ఎంతో తెలియక్కర్లేదు. 149.2 ఉన్నా, 151.7 ఉన్నా మాస్టర్‌కూ అదే ఎత్తు, మిగతా టూల్స్‌కూ అదే ఎత్తు. తీసివేతలో ఆ ఎత్తే మాయమవుతుంది. అలాగే తాకినప్పుడు సెట్టర్ 0.02 లోపలికి నొక్కుకుపోతుందనుకుందాం. అన్నింటికీ అంతే నొక్కుకుంటే ఆ 0.02 కూడా పోతుంది. అంటే నేను చేయాల్సిన పరికరానికి కొలతలో గొప్ప ఖచ్చితత్వం అక్కర్లేదు. తేడా వస్తే అన్నింటికీ ఒకే తేడా రావాలి, అంతే. ఇక్కడి నుంచి ప్రతి పద్ధతినీ ఈ ఒక్క ప్రశ్నతోనే పరీక్షించాను.

కాగితం

ముందు కాగితాన్నే సరిగ్గా పరీక్షించాలనుకున్నాను. ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితం మైక్రోమీటర్‌లో దాదాపు 0.10 మి.మీ. చూపింది, న్యూస్‌పేపర్ అంతకంటే పలచన. మెషిన్ మీద ఒకే టూల్‌ను నేనూ, మా ఆపరేటర్ కుర్రాడూ, లేత్ మేస్త్రీ పెద్దాయనా విడివిడిగా టచ్ చేశాం. ఎవరి అంకెలు వాళ్ళకు దగ్గరగా వచ్చాయి. ఒకరికీ ఇంకొకరికీ మధ్య 0.02 నుంచి 0.03 దాకా తేడా. కుర్రాడు కాగితం ఆగిపోయేదాకా దించుతాడు, పెద్దాయన కాస్త గీరుకోగానే ఆపేస్తాడు.

పెద్దాయన అన్న మాట ఇక్కడ రాసిపెడుతున్నాను: "కాగితమైనా ఇబ్బంది లే అబ్బీ. పట్టే చెయ్యి ఒకటే అయ్యుండాల. పొద్దున నువ్వు, మధ్యాన్నం వాడు పెడితేనే తంటా." నేను అంకెల్లో తేల్చుకున్నదీ అదే. నూనె అంటిన కాగితం ఇంకో రకంగా నలుగుతుంది. కాబట్టి కాగితం పూర్తిగా పనికిరాదని అనను. రఫింగ్‌కు (మొదటి ముతక కోతకు) చాలు. ఫినిషింగ్ (చివరి నున్నటి కోత) టూల్‌కు మాత్రం మనిషిని బట్టి మారే పద్ధతిని నమ్మలేను.

ఫిబ్రవరి: బేరింగ్ రోలర్

పాడైపోయిన రోలర్ బేరింగ్ పగలగొడితే లోపల రోలర్లు దొరుకుతాయి. గట్టిపరిచి గ్రైండ్ చేసిన ఉక్కు, అద్దంలా ఉంటాయి. మాకు దొరికిన వాటిలో చెక్కుచెదరని 10 మి.మీ. రోలర్ ఒకటి తీసి మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా చూశాం. అంకె మారలేదు.

ఇది వాడే తీరు తెలియాలి. టూల్ కింద రోలర్ పెట్టి టూల్‌ను దాని మీదికి దించకూడదు. రెండూ గట్టివే, కార్బైడ్ అంచు అక్కడే పెచ్చు లేస్తుంది. రోలర్‌ను పక్కన పెట్టి, టూల్‌ను రోలర్ మందం కంటే కాస్త కిందికి తేవాలి. తర్వాత హ్యాండ్‌వీల్‌ను పదో గుణకంలో, అంటే గీతకు 0.01 చొప్పున పైకి తిప్పుతూ, రోలర్‌ను వేలితో మెల్లగా టూల్ వైపు దొర్లించాలి. అడ్డుపడినంతసేపు అడ్డుపడి, ఒక గీత దగ్గర రోలర్ అవతలికి దాటుతుంది. అదే హైట్. ఇంకా నికరంగా కావాలంటే ఆ చివరి గీతను ఒకటో గుణకంలో, 0.001 చొప్పున మళ్ళీ చేసుకోవచ్చు.

అదే ముగ్గురం చేశాం. ముగ్గురి అంకెలూ 0.01 లోపు కలిశాయి. నా లెక్కలో రూపాయి ఖర్చు లేని పద్ధతుల్లో దీన్ని మించింది లేదు. కొత్తగా మెషిన్ కొన్న ప్రతివాళ్ళకూ ముందు ఇదే నేర్పాలి.

దీనికి ఒక మెలిక ఉంది. మామూలు టచ్‌లో జడ్ కిందికి దిగుతూ ఆగుతుంది, రోలర్ పద్ధతిలో పైకి పోతూ ఆగుతుంది. పాత మెషిన్ బాల్ స్క్రూలో బ్యాక్‌లాష్ (దిశ మారేటప్పుడు కనబడే వదులు) ఉంటే ఈ రెండు దిశల మధ్య తేడా వస్తుంది. అందుకని మాస్టర్‌కూ మిగతా టూల్స్‌కూ రోలర్ పద్ధతే వాడాలి. కొన్ని ఇలా, కొన్ని అలా చేస్తే తేడా అందరికీ సమానం కాదు.

ఎండ్ మిల్, ఫేస్ కట్టర్‌లతో ఇంకో జాగ్రత్త. పళ్ళన్నీ ఒకే ఎత్తులో ఉండవు. స్పిండిల్‌ను చేత్తో వెనక్కి తిప్పుతూ, అన్నిటికంటే కిందికి ఉన్న పన్ను ఏదో చూసుకుని దానితోనే టచ్ చేయాలి. ముందుకు తిప్పితే అంచు సెట్టర్‌ను చెక్కుతుంది. డ్రిల్ అయితే మొన దగ్గర టచ్ చేస్తాం కనుక, 118 డిగ్రీల డ్రిల్‌కు వ్యాసంలో 0.3 వంతు మొనకే పోతుందని ప్రోగ్రాంలో కలుపుకోవాలి. 10 మి.మీ. డ్రిల్‌కు అది 3 మి.మీ.

బల్బు వెలిగే ప్లేటు

మా ఆపరేటర్‌కు ఎలక్ట్రానిక్స్ మీద సరదా. "అన్నా, వేలు పెట్టే పనే లేకుండా లైట్ వెలిగితే చాలు కదా?" అన్నాడు. కరెంటు పోనివ్వని హైలం షీటు రెండు ముక్కల మీద ఒక గ్రైండ్ చేసిన ఉక్కు ప్లేటు అంటించి, ప్లేటు నుంచి ఒక వైరు, మెషిన్ బాడీ నుంచి ఒక వైరు తీసి, మధ్యలో రెండు పెన్సిల్ సెల్స్, ఒక రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాడు. టూల్ తాకగానే వెలుగుతుంది. చూడటానికి చాలా బాగుంది, అంకెలు కూడా రోలర్ అంత దగ్గరగా వచ్చాయి.

అయినా దీన్ని మా షెడ్డులో శాశ్వతంగా పెట్టుకోలేదు. కారణాలు రాస్తాను, ఎందుకంటే చాలామంది ఈ పద్ధతితోనే మొదలుపెడతారు.

కరెంటు టూల్ నుంచి స్పిండిల్ బేరింగ్‌ల గుండా బాడీకి పోవాలి. బేరింగ్ ఆగి ఉన్నప్పుడు ఉక్కు బాల్స్ ఉంటే సాధారణంగా పోతుంది. కానీ మధ్యలో గ్రీజు పొర ఉంటుంది, ఒక్కోసారి వెలుగు మసకబారుతుంది. కొత్త హై స్పీడ్ స్పిండిల్స్‌లో సిరామిక్ బాల్స్ వాడతారు, వాటిలోంచి కరెంటు అసలు పోదు. దీనికి మందు ఉంది: క్లిప్పు వైరును నేరుగా టూల్ షాంక్‌కే (కాడకే) తగిలించాలి. తర్వాత స్పిండిల్ తిప్పే ముందు దాన్ని తీయడం మరచిపోకూడదు. అక్కడే నాకు టెన్షన్.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇన్సర్ట్‌ల (కట్టర్‌కు బిగించే కోత ముక్కల) కోటింగ్. కొన్ని ఇన్సర్ట్‌ల మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఉంటుంది. అది కరెంటు పోనివ్వదు. టూల్ ప్లేటును తాకినా లైట్ వెలగదు, మనిషి ఇంకా దించుతూనే ఉంటాడు. తాకినప్పుడు సమాచారం ఇవ్వాల్సిన పరికరం తాకినా మౌనంగా ఉండటం నాకు ఒప్పుకోవాలనిపించలేదు. సీడ్ ప్లేట్ల పనిలో వాడే కోటింగ్ లేని ఎండ్ మిల్స్‌కు ఇది చక్కగా సరిపోతుంది. కానీ ఒకే షెడ్డులో కొన్ని టూల్స్‌కు ఒక పద్ధతి, కొన్నిటికి ఒక పద్ధతి అంటే మళ్ళీ మొదటికే వస్తాం.

ఇంకో మాట. ఎవరైనా దీన్ని చేసుకుంటే సెల్స్‌తోనే చేసుకోండి. సెల్‌ఫోన్ చార్జర్‌ను మెషిన్ బాడీకి కలపొద్దు. చార్జర్ లోపల ఇన్సులేషన్ పాడైతే మెయిన్స్ కరెంటు నేరుగా చేతికి వస్తుంది.

మార్చి: డయల్ సెట్టర్ తయారీ

ఇదే అసలు ప్రాజెక్టు. టూల్ ఒక స్ప్రింగ్ ప్లంజర్‌ను (నొక్కితే లోపలికి జారే కడ్డీని) నొక్కాలి, డయల్ ముల్లు ఒక గీత దగ్గరికి రావాలి. ఎవరు నొక్కినా ముల్లు అదే గీతకు వచ్చినప్పుడు ఆపుతారు. చేతి తేడా ఉండదు, కరెంటు అక్కర్లేదు, కోటింగ్‌తో సంబంధం లేదు, కార్బైడ్ అంచుకు దెబ్బ తగలదు.

డయల్ ఎక్కడ పెట్టాలన్నది ముందు కాగితం మీద తేల్చుకున్నాను. ప్లంజర్ పక్కన చెయ్యిలాంటి పట్టీ బిగించి, దాని మీద డయల్ పెడితే సెట్టర్ పొట్టిగా వస్తుంది, చేయడమూ సులువు. కానీ ప్లంజర్‌కూ, అది జారే గొట్టం లాంటి బుష్‌కూ మధ్య 0.01 సందు ఉందనుకుందాం. బుష్ పొడవు 40 మి.మీ., డయల్ 35 మి.మీ. పక్కకు ఉంది. ప్లంజర్ ఆ సందులో ఒరిగితే డయల్ దగ్గర దాదాపు 0.009 తేడా కనబడుతుంది. టూల్ ప్లంజర్ మధ్యలో తాకినప్పుడు ఒకలా, అంచున తాకినప్పుడు ఒకలా చూపుతుంది. కొలిచే గీతా, కొలిచే సాధనమూ ఒకే వరుసలో ఉండాలని జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆబే 1890లో చెప్పిన సూత్రం సరిగ్గా ఇదే. మాది చిన్న షెడ్డే అయినా ఆ సూత్రాన్ని తప్పించుకోలేం. కాబట్టి డయల్‌ను తలకిందులుగా, ప్లంజర్‌కు సూటిగా అడుగున పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఎత్తు పెరుగుతుంది. మా మెషిన్‌లో టేబుల్‌కూ స్పిండిల్‌కూ మధ్య చోటు బాగానే ఉంది కనుక ఫర్వాలేదు.

బాడీకి స్క్రాప్‌లో దొరికిన మందపాటి సీమ్‌లెస్ పైపు. లోపల డయల్ గుండ్రటి ముఖం పట్టాలి కనుక లోపలి వ్యాసం 70 మి.మీ. దాకా కావాలి. పైపు ముందువైపు కిటికీలా కోశాం, అందులోంచి డయల్ కనబడుతుంది. కింద 15 మి.మీ. మందం ఫ్లేంజి, పైన మూత. మూతను, ఫ్లేంజిని ఒకే బిగింపులో లేత్ మీద ఫేసింగ్ చేశాడు పెద్దాయన. ఫ్లేంజి అడుగు ముఖం మధ్యలో లోపలికి తొలిచి, అంచు మాత్రమే టేబుల్ మీద కూర్చునేలా చేశాం. ఇలా చేస్తే మధ్యలో చిప్ పడినా సెట్టర్ ఊగదు.

ప్లంజర్‌కు దొరికినది నాకు ఎంతో సంతోషం ఇచ్చింది. పక్కనున్న బైక్ మెకానిక్ దగ్గర పాత పిస్టన్ పిన్నులు డబ్బా నిండా ఉన్నాయి. పిస్టన్ పిన్ అంటే గట్టిపరిచి, గ్రైండ్ చేసి, పాలిష్ పట్టిన గొట్టం. మాకు దొరికినది 13 మి.మీ. వ్యాసం. కొత్త డవెల్ పిన్ కొనుక్కున్నా అంత నున్నగా రాదు, పైగా డవెల్ పిన్నులు రీమర్ చేసిన రంధ్రంలో బిగుతుగా కూర్చునేందుకే చేస్తారు, జారవు. పిన్ పై మూతిలో పాత హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ ముక్కను గుండ్రంగా గ్రైండ్ చేసి ఆరల్డైట్‌తో అతికించాం. టూల్ తాకేది దానికే. తర్వాత మొత్తం పిన్‌ను నిలబెట్టి దాని పై ముఖాన్ని గ్రైండ్ చేయించాం.

బుష్ గన్‌మెటల్. ముందు కాస్త తక్కువగా బోర్ చేసి, పిన్‌నే లాపింగ్ (పేస్టుతో రుద్ది నున్నగా చేసే) బార్‌గా వాడకుండా, అదే సైజు ఇత్తడి బార్‌కు వాల్వ్ గ్రైండింగ్ పేస్టు పూసి పెద్దాయన ఓపిగ్గా రుద్దాడు. పేస్టు కిరోసిన్‌తో పూర్తిగా కడిగాక పిన్ వేస్తే, బుష్ పై మూతిని వేలితో మూసినప్పుడు మెల్లగా దిగుతోంది, వేలు తీస్తే జారిపోతోంది. అంతకంటే మంచి ఫిట్ నేను అడగను. ప్లంజర్ తిరిగిపోకుండా పక్కన చిన్న గాడి, అందులో ఒక స్క్రూ మొన. స్ప్రింగ్ మెత్తటిది, ఎందుకంటే 3 మి.మీ. ఎండ్ మిల్ కూడా దీని మీదే దిగాలి.

డయల్ స్టెమ్ (పట్టుకునే కాడ) 8 మి.మీ. ఉంటుంది. దాన్ని చీలిక ఉన్న క్లాంపులో పట్టాం, స్క్రూతో నేరుగా నొక్కలేదు. నేరుగా నొక్కితే స్టెమ్ నలిగి లోపలి పుల్ల బిగుసుకుంటుంది.

పనంతా అయ్యాక మాస్టర్‌ను మళ్ళీ మళ్ళీ దించి చూశాం. ముల్లు ఒక చుట్టు తిరిగి సున్నాకు రాగానే ఆపడం మా నియమం. జడ్ అంకెలు 0.003 లోపే తిరిగి వచ్చాయి. ముగ్గురం చేసినా అంతే. ప్లంజర్ అంచున తాకించినా తేడా పెద్దగా లేదు, అయినా మధ్యలోనే తాకాలని మూత మీద గుండ్రటి గీత గీసి పెట్టాం. డయల్ ధర కలుపుకున్నా ఖర్చు రెండు వేల రూపాయలు దాటలేదు.

సీడ్ ప్లేటు ఒకటి తీసి రెండు ఎండ్ మిల్స్‌తో గుంత చేశాం. అడుగున గీత కనబడుతోంది, వేలికి మాత్రం మెట్టు తగలడం లేదు.

మార్చి చివర, ఎండలు ముదిరాక

అనంతపురం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం మెషిన్ టేబుల్‌ను చెయ్యి పెట్టి చూడబుద్ధి కాదు. ప్రపంచమంతా పొడవు కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌నే ప్రమాణంగా పెట్టుకుంది. ఐఎస్ఓ వాళ్ళు 1951లో వేసిన మొట్టమొదటి సిఫారసే అది. మాకు డిసెంబరు తెల్లవారుజామున తప్ప షెడ్డులో 20 డిగ్రీలు దొరకవు.

ఉక్కు పొడవు 100 మి.మీ. ఉంటే 10 డిగ్రీలకు సుమారు 0.0115 మి.మీ. పెరుగుతుంది. మా సెట్టర్ 150 మి.మీ. పైచిలుకు. పొద్దున్నకూ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా వస్తే దాని ఎత్తే 0.025 మారుతుంది. దీన్ని చూసి కుర్రాడు కంగారుపడ్డాడు. "అన్నా, ఇంత చేసి ఇది ఎండకు పెరుగుతాదా?" పెరుగుతుంది. కానీ మాస్టర్‌నూ, టూల్‌నూ ఒకే పూట టచ్ చేస్తే ఆ పెరుగుదల ఇద్దరికీ సమానమే కదా. మాస్టర్ పద్ధతి ఎందుకు పట్టుకున్నానో ఆ పూట అతనికి పూర్తిగా అర్థమైంది.

సమానం కానిది ఇంకోటి ఉంది, స్పిండిల్ వేడి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాస్టర్‌ను టచ్ చేసి అంకె రాసుకున్నాం. మధ్యాహ్నం దాకా నడిపి, మళ్ళీ అదే మాస్టర్‌ను టచ్ చేస్తే 0.04 దాకా మారింది. స్పిండిల్ ముక్కు కిందికి పెరిగింది. పొద్దున సగం టూల్స్, మధ్యాహ్నం సగం టూల్స్ పెడితే ఆ 0.04 సగం టూల్స్‌కే అంటుకుంటుంది. అప్పుడు మెట్టు తప్పదు.

అందుకని రెండు నియమాలు గోడ మీద పెయింటుతో రాయించాను. పొద్దున స్పిండిల్‌ను పావుగంట ఉత్తగా తిప్పాకే సెట్టింగ్. మధ్యలో ఒక కొత్త టూల్ పెట్టాల్సి వస్తే, ముందు మాస్టర్‌ను మళ్ళీ టచ్ చేసి, దాన్ని సున్నా చేసుకుని, అప్పుడే కొత్త టూల్. ఇంకో పది నిమిషాలు పోతే పోనీ.

కార్బైడ్ ఉక్కుతో పోలిస్తే సగమే పెరుగుతుంది. అంటే పొడవైన హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్, పొడవైన కార్బైడ్ ఎండ్ మిల్ రెండూ ఒకే ఎండలో వేర్వేరుగా పెరుగుతాయి. మా పనికి ఈ తేడా లెక్కలోకి రాదు. రీమర్ చేసిన రంధ్రాల లోతు అడిగే వాళ్ళకు మాత్రం వస్తుంది.

హోల్డర్ కోన్ (స్పిండిల్‌లో కూర్చునే వాలు భాగం) తుడవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బీటీ40 కోన్ వాలు 7/24. అంటే వ్యాసంలో 0.01 తేడా పడితే హోల్డర్ నిలువునా 0.034 జరుగుతుంది, మూడు రెట్లకు పైగా. కోన్ మీద అంటిన సన్నటి చిప్, ఎండిన కూలెంట్ పొర, ఇవే చాలు. సెట్టర్ ఎంత బాగున్నా ఈ మురికి తేడా ఒక్కో టూల్‌కు ఒక్కోలా వస్తుంది కనుక ఏ లెక్కా దాన్ని కొట్టేయలేదు. టూల్ పెట్టే ముందు నూలు గుడ్డతో కోన్, స్పిండిల్ లోపలి భాగం రెండూ తుడవాలి. పీచు వదిలే వేస్ట్ కాటన్ వాడకూడదు.

ఏప్రిల్: తాడిపత్రి గ్రానైటు

మెషిన్ నడుస్తుండగానే బయట బల్ల మీద తర్వాతి జాబ్ టూల్స్ పొడవు తీసిపెట్టుకుంటే ఎంతో సమయం మిగులుతుంది. దానికి చదునైన బల్ల, హైట్ గేజ్, బీటీ40 హోల్డర్ కూర్చునే కోన్ సీటు కావాలి. తాడిపత్రి పాలిషింగ్ ఫ్యాక్టరీ నుంచి నల్ల గ్రానైటు ముక్క ఒకటి తెచ్చాం. అద్దంలా మెరుస్తోంది.

మెరుపు వేరు, చదును వేరు. డయల్ స్టాండు జరుపుతూ చూస్తే ఒక మూల నుంచి ఇంకో మూలకు 0.1 దాకా అల కనబడింది. పాలిషింగ్ మెషిన్ తల ఉపరితలాన్ని అనుసరిస్తూ నున్నగా చేస్తుంది, సమతలం చేయదు. నిజంగా చదును చేయాలంటే మూడు ప్లేట్లను ఒకదానితో ఒకటి మార్చి మార్చి రుద్దాలి. రెండే రుద్దితే ఒకటి గుంటగా, ఇంకొకటి గుబ్బగా ఒకదానికొకటి సరిపోయి మోసం చేస్తాయి. మూడోది ఆ మోసాన్ని బయటపెడుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 19వ శతాబ్దంలో ఈ పద్ధతినే ప్రచారంలోకి తెచ్చాడు.

సీజన్ ముందు అంత పని పెట్టుకోలేం. హోల్డర్ సీటునూ, హైట్ గేజ్ అడుగునూ రెండు ఖాయమైన చోట్ల పెట్టి, గేజ్‌ను అసలు జరపకుండా వాడితే గ్రానైటు అలలు అడ్డురావు, ఎందుకంటే మాస్టర్‌ను కొలిచినా, టూల్‌ను కొలిచినా ఆ రెండు చోట్లే. అలా నడుస్తోంది. అయినా రఫింగ్ టూల్స్, డ్రిల్స్ మాత్రమే బయట పెడుతున్నాం. ఫినిషింగ్ టూల్ మెషిన్ మీదే.

లేత్ వైపు పెద్దగా చేయాల్సింది లేదు. సీఎన్‌సీ లేత్‌లో అన్నిటికంటే మంచి సెట్టర్ జాబే. కొంచెం తరిగి, టూల్‌ను ఎక్స్‌లో (అడ్డంగా) కదపకుండా జడ్‌లో (లేత్‌లో జాబ్ పొడవునా) బయటికి తీసి, వ్యాసం మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ అంకెను ఆఫ్‌సెట్ పేజీలో కొడితే సరి. కోత బలానికి టూల్ ఎంత వంగుతుందో అది కూడా ఆ అంకెలోనే కలిసిపోతుంది.

మే: బటన్ నొక్కితే తనంతట తానే

సీజన్ పని నడుస్తుండగా సాయంత్రాలు దీని మీద కూర్చుంటున్నాం. లోపలే కాంటాక్టు ఉండి, ప్లంజర్ నొక్కగానే అది విడిపోయేలా ఇంకో సెట్టర్. ఇక టూల్ గుండా కరెంటు పోనక్కర్లేదు, కోటింగ్ భయం లేదు.

దీనికి దారి చూపింది టచ్ ప్రోబ్, అంటే తాకగానే సిగ్నల్ ఇచ్చే కొలత పరికరం. రోల్స్ రాయిస్‌లో పనిచేసే డేవిడ్ మెక్‌ముర్ట్రీ, కాంకార్డ్ విమానం ఒలింపస్ ఇంజన్ల సన్నటి ఇంధన పైపులు కొలవడానికి 1970ల మొదట్లో ప్రోబ్ కనిపెట్టాడు. రెనిషా కంపెనీ 1973లో దాని మీదే పుట్టింది. లోపలి అమరిక చాలా సరళం. మూడు పిన్నులు, ఒక్కో పిన్ రెండేసి బాల్స్ మధ్య కూర్చుంటుంది. మొత్తం ఆరు తాకిడులు, అన్నీ వరుసగా ఒకే సర్క్యూట్‌లో. ఎటు తోసినా ఏదో ఒకటి విడిపోతుంది. వదిలితే స్ప్రింగ్ సరిగ్గా పాత చోటికే తెస్తుంది. మా సెట్టర్‌లో తలకిందులు: స్ప్రింగ్ కింద నుంచి పిన్నులను పైకి, బాల్స్ మీదికి తోస్తుంది, టూల్ పై నుంచి నొక్కితే విడిపోతాయి. పిన్నులు నీడిల్ బేరింగ్‌వి, బాల్స్ పాత బాల్ బేరింగ్‌వి, హైలం రింగులో ఆరల్డైట్‌తో కూర్చోబెట్టాం.

ఫానక్‌లో స్కిప్ సిగ్నల్ (కదలికను అక్కడే ఆపమనే సూచన) ఎక్స్4.7 అడ్రసుకు వస్తుంది. 24 వోల్టుల వైపునూ మా కాంటాక్టునూ విడదీయడానికి మధ్యలో ఒక ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే చిప్) పెట్టాడు కుర్రాడు. ప్రోగ్రాం చిన్నదే. జీ49తో పాత ఆఫ్‌సెట్ తీసేసి, జీ31తో 100 ఫీడ్‌లో (నిమిషానికి 100 మి.మీ.) దించి, తాకగానే 2 మి.మీ. లేపి, మళ్ళీ 20 ఫీడ్‌లో దించడం. రెండోసారి తాకిన చోటు కంట్రోల్ మెమరీలో #5063 అనే గడిలో ఉంటుంది. దానిలోంచి మాస్టర్ అంకె తీసేసి జీ10 ఎల్10తో హెచ్ పేజీలో రాయించడం.

నెమ్మదిగా రెండోసారి ఎందుకంటే, తాకిన సంగతి కంట్రోల్‌కు అందేందుకు కొంత సమయం పడుతుంది. అది 8 మిల్లీసెకన్లనుకుంటే 100 ఫీడ్‌లో టూల్ 0.013 ముందుకు పోతుంది, 20 ఫీడ్‌లో 0.003 కూడా పోదు. మాస్టర్‌నూ అదే 20లో దించాం కాబట్టి ఆ మిగిలిన కాస్తా కూడా తీసివేతలో పోతుంది.

ఇప్పటికి పొడిగా ఉన్నంతసేపు బాగా పనిచేస్తోంది. కూలెంట్ లోపలికి దిగితే బాల్స్ మీద పొర కట్టి, విడిపోకుండానే సర్క్యూట్ తెగిపోతోంది. అప్పుడు మెషిన్ కదలకుండా అలారం చూపేలా ప్రోగ్రాంలో ముందే ఒక చెక్ పెట్టాం: దించే ముందు సర్క్యూట్ కలిసి ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపోతుంది. తర్వాత పని పై మూతకు రబ్బరు బెల్లో బిగించడం. బైక్ ఫ్రంట్ ఫోర్కు డస్ట్ సీల్ ఒకటి ప్లంజర్‌కు సరిపోయేలా ఉంది, ముందు దాన్నే వేసి చూస్తాం. అది అయ్యేదాకా సీడ్ ప్లేట్ల టూల్స్ అన్నీ డయల్ సెట్టర్ మీదే పెడుతున్నాం.